జాతీయగీతమునకు స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్సు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు కోరిరి. మహాపురుషులను గూర్చి వ్రాయ సమర్థులు పెక్కురు గలరు. నేనొక మహిళను ఎన్నుకొంటిని. ఆమె తెలుగునాట పుట్టినది కాదు. భారతదేశముననే పుట్టినది కాదు. అయినను మన గ్రంథాలయమున సభ ముగిసినపుడెల్ల మనమందఱము లేచి నిలిచి పాడు పాటతో ఆమెకు సంబంధము గలదు. ఆ సంబంధము ఏర్పడిన చోటు దూరదేశము గాదు, మన మదనపల్లె. కదిరి నుండి తనకల్లు, ములకలచెరువు మీదుగా దక్షిణమునకు పోవు బాట ఆ యూరు చేరును. ఒకప్పుడు కదిరి, మదనపల్లె తాలూకాలు రెండును కడప జిల్లాలోనివే. అంత పొరుగున జరిగిన సంగతి మనలో పలువురకు తెలియకుండుట నాకు కొంత కష్టముగా తోచినది.

మార్గరెట్ ఎలిజబెత్ గిలెస్పీ 1878వ సంవత్సరము నవంబరు 7వ తేదీన ఐర్లండు దేశమున రాస్కామన్ మండలములోని బాయిల్ అను చిన్న పట్టణమున జన్మించెను. అది మన సీమను ధాత కఱవు పీల్చి పిప్పిచేసి విడిచిన కాలము. ఐర్లండు కూడ అంతకు ముప్పదేండ్ల క్రిందట ఘోరమైన కఱవును చూచిన దేశమే. ఆ దేశమును ఏలుచుండినవారును ఇంగ్లీషువారే. కావున ఆమె మన దేశమునకు వచ్చి ఇచటివారి బాధను త్వరగా గ్రహించుటలో వింత యేమియు లేదు.

ఆమె డెర్రీ పట్టణమున బాలికల ఉన్నత పాఠశాలలో చదివి, 1898లో డబ్లిన్ నగరమునకు పోయి అచటి రాయల్ ఐరిష్ సంగీత విద్యాలయమున చేరెను. 1902లో సంగీత శాస్త్రమున విశ్వవిద్యాలయపు పట్టమును పొందెను. పియానో వాయించుట ఆమెకు వృత్తియు, ప్రాణమును గూడ. మఱుసటి యేడు జేమ్సు కజిన్సు అను కవిని వివాహమాడెను.

ఆమె నేర్చిన సంగీతమెట్టిదో కొంచెము చెప్పినగాని ముందు కథ బోధపడదు. మన పల్లెలలో పదిమంది కలిసి పాడుట క్రొత్త గాదు. రామాలయమున చెక్కభజన గలదు, కోలాటము గలదు, వానలు మొగము చాటుచేసిన యేండ్లలో స్త్రీలు కప్పతల్లిని త్రిప్పుచు పాడు పాటలు గలవు. వీనియందు పెద్ద ఒక చరణము అందుకొనగా తక్కినవారు దానినే అందుకొందురు. పదిగొంతులును ఒకే స్వరము మీద నడచును. పడమటివారి బృందగానము వేఱు. ఒకరు షడ్జమము మీద నిలువగా వేఱొకరు గాంధారమును, ఇంకొకరు పంచమమును పట్టుకొందురు. స్త్రీల హెచ్చు గొంతు, స్త్రీల తగ్గు గొంతు, పురుషుల హెచ్చు గొంతు, పురుషుల తగ్గు గొంతు అని నాలుగు త్రోవలు వేఱువేఱుగా వ్రాసి యుంచెదరు. నాలుగును వేఱయ్యు వినువానికి ఒక్క పాటయే వినవచ్చును. ఇది నోటితో నేర్చి నోటితో నేర్పుటకు సులభము గాదు. కాగితము మీద గీతలు గీచి చుక్కలు పెట్టి వ్రాసినగాని నిలువదు.

ఇట్లు సామాన్యులు పాడుకొను పాటలను బృందమునకు అమర్చుట పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా దేశములో మిక్కిలి వ్యాపించెను. ఆ దేశపు పాటలలో పేరెన్నిక గన్నవి స్టీఫెన్ ఫాస్టరు రచించినవి. ఇతడు 1826 జూలై 4వ తేదీన పుట్టెను. ఇతని పూర్వులు మార్గరెట్ చదివిన ఆ డెర్రీ ప్రాంతము నుండియే అమెరికాకు వలసపోయినవారు. 1848లో ఓ సుసానా, 1851లో ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్, 1853లో మై ఓల్డ్ కెంటకీ హోమ్ వెలువడినవి. ఇతడు ఇట్టి పాటలకు చరణమును ఒక్కని గొంతునకు వ్రాసి, పల్లవివంటి చివరి భాగమును పలువురు కలిసి నాలుగు త్రోవల పాడుటకు అమర్చుచుండెను. తరువాతివారు పాట మొత్తమును బృందమునకు అమర్చిరి. ఇరువదవ శతాబ్దమున రాబర్ట్ షా, రోజర్ వాగ్నర్ మొదలగువారి గాయక బృందములు వానిని దేశమంతట వినిపించినవి. ఇంటిలో ఒక్కడు పాడుకొను పాట ఊరి పాటయై, ఊరి పాట రాష్ట్రపు పాటయయ్యెను. కెంటకీ రాష్ట్రము 1928లోను, ఫ్లారిడా రాష్ట్రము 1935లోను ఇతని పాటలను తమ రాష్ట్రగీతములుగా స్వీకరించినవి. నీగ్రో జాతివారిని తక్కువపఱచు మాటలు వీనిలో నుండుటచేత కెంటకీవారు 1986లో ఒక మాటను మార్చుకొనిరి, అది న్యాయమే. ఇంతటి పాటలు కట్టినవాడు వాని హక్కులను అమ్ముకొని, 1864లో ముప్పదియేడేండ్ల ప్రాయమున న్యూయార్కు ఆసుపత్రిలో మరణించునప్పటికి అతని సంచిలో ముప్పదియెనిమిది సెంట్లు మాత్రమే యుండెనట. పై మూడింటిలో రెండవదైతే మొదట అచ్చుపడినపుడు వేఱొకని పేరుతోనే పడినది. పాట అందఱిదైనపుడు కర్త పేరు జాఱిపోవుట లోకమున ఉన్నదే.

మరల మార్గరెట్ కథకు వత్తము. ఆమె సంగీతమునే నమ్ముకొని కూర్చుండలేదు. స్త్రీలకు ఓటు హక్కు లేకుండుట ఆమెకు సహింపరానిదయ్యెను. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్ అను మిత్రురాలితో కలిసి ఐర్లండు స్త్రీల ఓటు హక్కుకై ఒక సంఘమును స్థాపించెను. 1910లో లండను నగరమున జరిగిన ఆందోళనలో పాల్గొని హాలోవే చెఱసాలలో ఒక నెల గడిపెను. 1913లో డబ్లిన్ కోట కిటికీల అద్దములు పగులగొట్టినందులకు టలమోర్ చెఱసాలకు పోయి, రాజకీయ ఖైదీలకు తగిన మర్యాద ఈయవలెనని నిరాహారదీక్ష బూనెను. మెత్తగా పియానో మీటలు నొక్కిన ఆ వ్రేళ్లే రాళ్లు విసరినవి! ఈ పనిని నేను మెచ్చుకొనుచున్నానని పాఠకులు తలపవలదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయుచున్నాను.

దివ్యజ్ఞాన సమాజమునందు దంపతులకు విశ్వాసము. అనీబిసెంటు ఆహ్వానము మీద 1915లో వారిరువురు మద్రాసు చేరిరి. జేమ్సు ఆమె నడుపు న్యూ ఇండియా పత్రికలో పనిచేయుచు, 1916లో ఐర్లండు తిరుగుబాటును కొనియాడుచు వ్రాసెను. దానివలన ఆ కొలువు పోయినది. పోయినది మన అదృష్టముననే యనవలెను. అతడు మదనపల్లెలో 1915లో వెలసిన దివ్యజ్ఞాన కళాశాలకు ఆంగ్ల సాహిత్యోపాధ్యాయుడై వచ్చి, పిదప ప్రధానాచార్యుడయ్యెను. ఆ కళాశాల విద్యార్థులు హోంరూలు ఉద్యమమున దిగినందున మద్రాసు విశ్వవిద్యాలయము దానితో సంబంధము త్రెంచుకొనెను. కళాశాల అంతట జాతీయ విశ్వవిద్యాలయమున చేరినది. దానికి కులపతి రవీంద్రనాథ ఠాకూరు.

ఆ రవీంద్రుడు 1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ యాత్ర చేయుచు విశ్రాంతికై మదనపల్లెకు వచ్చెను. అప్పటికి జనగణమన పుట్టి ఏడేండ్లు దాటినది. 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు మహాసభలో దానిని మొదట పాడిరి. కాని బంగాళమునకు వెలుపల అది అంతగా వ్యాపింపలేదు. మదనపల్లె కళాశాలలో సాయంకాలము పిల్లలు కూడి పాటలు పాడుకొను వాడుక యుండెను. అట్టి యొక కూటమికి కవి వచ్చి కూర్చుండి, తానును ఒక పాట పాడవచ్చునా యని అడిగెనట. విశ్వకవి, నోబెలు బహుమానము పొందినవాడు, కఱవుసీమ పిల్లలను అనుమతి అడుగుట యెంత వింత! అతడు బంగాళీ భాషలో పాడెను. పిల్లలకు ఆ భాష రాదు. అయినను చరణము తరువాత చరణము సాగుచుండగా, చివరనుండు జయధ్వనిని వారు పట్టుకొని, మొదట మెల్లగా, పిదప కొండలు మాఱు మ్రోగునట్లు అందుకొనిరి. ఫాస్టరు పాటలలో ఒక్కని చరణము తరువాత పదిమంది అందుకొను భాగమును గూర్చి పైన వ్రాసితిని గదా. అది ఎవ్వరు నేర్పకయే ఆ సాయంకాలము జరిగినది.

తరువాతి దినములలో మార్గరెట్ పనికి పూనుకొనెను. కవి పాడుచుండగా ఒక్కొక్క పంక్తి అర్థమును అడిగి తెలిసికొని, పలుకు ఎక్కడ సాగునో, ఎక్కడ ఆగునో గమనించి, పియానో మీద సరిచూచుకొని స్వరలిపి వ్రాసెను. కవి విని సమ్మతించెను. ఆ దినములలోనే కవి తన స్వహస్తముతో గీతమును ఆంగ్లమున భారతదేశపు ప్రాతఃకాల గీతమను పేర అనువదించి 1919 ఫిబ్రవరి 28వ తేదీ వేసెను. అది మొదలు ఆ కళాశాలలో అదియే ప్రాతఃకాల ప్రార్థన యయ్యెను. మదనపల్లె పిల్లలు సెలవులకు పోయిన చోటికెల్ల పాటయు పోయినది.

ఇచట ఒక వివాదమును గూర్చి వ్రాయక తప్పదు. జాతీయగీతపు వరుస మార్గరెట్ కట్టినదని కొందఱందురు. ఆమెకు ఏమియు సంబంధము లేదని కొందఱందురు. రెండును సరిగావు. వరుస రవీంద్రునిది, 1911లోనే ఆ పాట సభలో పాడబడినది గదా. అయితే నోటి పాట నోటనే తిరిగిన యెడల ఊరూరికి మాఱిపోవును. జీవితమంతయు లెక్కల పుస్తకములతో గడపిన నాకు ఇట్లు తోచుచున్నది: పొలము రైతుది, అడంగలులో ఎక్కించినవాడు వేఱొకడు. ఎక్కించినంత మాత్రమున పొలము వానిది కాదు. ఎక్కింపని పొలమునకు గట్టు నిలువదు. మార్గరెట్ ఎక్కించినది. ఎక్కించుటలోనైనను ఆమె తన పడమటి చదువు గర్వమును చూపలేదు. గీతమును దాని పలుకుబడిని బట్టియే నడిపెను. 1935లో ఆమె ప్రకటించిన ప్రాక్పశ్చిమ సంగీత గ్రంథము చూచినచో మన సంగీతము పట్ల ఆమెకు గల గౌరవము తెలియును.

ఈ లోపల ఆమె స్త్రీల విషయమున చేసిన పనులను వ్రాసిన వేఱొక వ్యాసమగును. 1917లో అనీబిసెంటు, డొరతీ జినరాజదాసలతో కలిసి భారత మహిళా సంఘమును స్థాపించెను. ఆ యేడు డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వమున మహిళలు మాంటేగు దొరను కలిసి ఓటు హక్కును అడిగిన కార్యమునకు పూనిక మార్గరెట్‌దే. 1921లో మద్రాసు రాజధాని స్త్రీలకు ఆ హక్కు నిచ్చెను. మరుసటి యేడు ఆమె మద్రాసులో గౌరవ మేజిస్ట్రేటుగా నియమింపబడెను. ఈ దేశమున ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. తన దేశమున రాయి విసరినందులకు చెఱకు పోయినది ఇచట తీర్పు చెప్పు పీఠము మీద కూర్చుండెను! 1926లో కమలాదేవీ ఛట్టోపాధ్యాయను శాసనసభకు నిలువుమని ప్రోత్సహించి ఊరూర తిరిగెను. కమలాదేవి కొద్ది ఓట్లలో ఓడినది. 1927లో పూనాలో మొదలైన అఖిల భారత మహిళా సభకు మూలము ఆమె పంపిన లేఖలే. ఆ సభకు 1936లో ఆమె అధ్యక్షురాలయ్యెను.

1932లో గాంధీగారి ఉద్యమమును అణచుటకు ప్రభుత్వము అత్యవసర శాసనములను తెచ్చెను. మార్గరెట్ మద్రాసులో బహిరంగ సభలో వానిని ఖండించి మాటలాడెను. ఏడాది శిక్ష పడి వేలూరు చెఱసాలకు పోయెను. అప్పటికి ఆమెకు ఏబదినాలుగేండ్లు. ఆ వయసున మనలో పలువురము ఎండకు గొడుగు లేక కదలము.

1937లో దేశమునకు జాతీయగీతమేది కావలెనను చర్చ చెలరేగినపుడు జేమ్సు కజిన్సు మదనపల్లెలో తాము విన్న పాటయే తగినదని పత్రికా ముఖమున వాదించెను. 1950 జనవరి 24వ తేదీన రాజ్యాంగ సభ దానినే స్వీకరించినది. పాటయందు ఐదు చరణములు గలవు; మొదటిది మాత్రమే జాతీయగీతము. ఏబదిరెండు సెకండ్లలో ముగియవలెనని నియమము. మన సభలలో పిల్లలు నలుబదింటికే ముగించుటయు, పెద్దలు నిముషము దాటించుటయు నేను గడియారము పట్టుకొని చూచితిని. ఒక్కొక్కరు ఒక్కొక్క శ్రుతిన ఎత్తుకొందురు. అది పడమటివారి నాలుగు త్రోవల బృందగానము మాత్రము గాదు.

దేశము ఆ పాటను స్వీకరించిన దినమున మార్గరెట్ లేచి నిలువజాలదు. 1944లో పక్షవాతము వచ్చి మంచము పట్టినది. సంతానము లేదు, కూడబెట్టినది లేదు. మద్రాసు ప్రభుత్వమును, తరువాత జవహర్‌లాల్ నెహ్రూయును ఆమె చేసిన సేవను తలచి ధనసహాయము చేసిరి. 1950లోనే దంపతులిద్దఱి ఆత్మకథ ఒకే గ్రంథముగా వెలువడినది. ఒక అధ్యాయము ఆయన, ఒక అధ్యాయము ఆమె వ్రాసినట్లు నడచు ఆ పుస్తకమున మదనపల్లె సాయంకాలము ముచ్చటగా వర్ణింపబడినది. మన గ్రంథాలయమునకు దానిని తెప్పించుట మంచిదని కార్యనిర్వాహకులకు ఈ వ్యాసము ద్వారా మనవి చేయుచున్నాను.

1954 మార్చి 11వ తేదీన ఆమె అడయారులో కన్నుమూసెను. జేమ్సు కజిన్సు మదనపల్లెలో 1956 ఫిబ్రవరి 20వ తేదీన మరణించెను.