స్వామి జ్ఞానానంద

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి పాయలుగా చీలి సముద్రమునకు పోవును. గౌతమీ వశిష్ఠ పాయల నడుమ, కొబ్బరితోటల నీడలో కోనసీమ కలదు. రాజోలు సీమలోని సఖినేటిపల్లి రేవున పంటు నెక్కి వశిష్ఠను దాటినచో ఆవలి గట్టున నరసాపురము కనబడును. ఈ రెండు గట్ల వారిదియు ఒకే నీరు, ఒకే పైరు, ఒకే మాట. కోనసీమ కొసయందలి అంతర్వేదిలో వెలసిన లక్ష్మీనరసింహస్వామి పేరును బిడ్డలకు పెట్టుకొనుట ఇరువురికిని వాడుక. నరసాపురమునకు ఎంతో దూరము కాని భీమవరము చెంత గొరగనమూడి యను గ్రామము కలదు. అచ్చట 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన భూపతిరాజువారి యింట ఒక బాలుడు జన్మించెను. తల్లిదండ్రులు అతనికి లక్ష్మీనరసింహరాజు అని పేరిడిరి. పిదప లోకమునకు స్వామి జ్ఞానానందగా తెలిసినవారు వీరే.

తండ్రి రామరాజు వేదశాస్త్ర గ్రంథములను శ్రద్ధతో సేకరించినవారు. అట్టి యింట పెరిగిన బాలునికి పసితనమునుండియే చూపు లోపలికి తిరిగినది. నరసాపురము టైలరు హైస్కూలులో చదువుచున్న దినములలో తోడి బాలురవలె ఉద్యోగములను గూర్చి గాక, జగత్తు దేనితో నిర్మితమైనది, దానిని తెలిసికొను మార్గమేది అను ప్రశ్నలతో అతడు సతమతమగుచుండెను. యౌవనమున ఇల్లు విడిచి ఉత్తరదేశమునకు వెడలి, హిమాలయ ప్రాంతములలో ఏండ్ల తరబడి యోగసాధనలో గడపెను. ఇల్లు విడిచిపోయిన కుమారుని తలచి తల్లిదండ్రు లెంత దుఃఖించిరో ఊహింపవచ్చును. తరువాత వచ్చిన కీర్తిని చూచి ఆ దుఃఖమును స్వల్పమని యెంచరాదు.

1927లో స్వామి జర్మనీ దేశమునకు వెడలిరి. మొదటి ప్రపంచయుద్ధములో ఓడిపోయి, నలిగిపోయిన ఆ దేశమున భారతీయ తత్త్వము నెడల ఆసక్తి ఆ కాలమున మెండుగా నుండెను. యోగమును గూర్చి స్వామి చేసిన ఉపన్యాసములను వినుటకు జనులు కూడిరి. అట్లే సాగిపోయినచో ఆయన శిష్యులు కొలుచు గురువుగా, సుఖముగా జీవింపగలిగెడివారు. కాని డ్రెస్డెను నగరమున ఆయన చెవిని ఐన్‌స్టీను సాపేక్ష సిద్ధాంతము పడినది. దేశకాలములు వేర్వేరు కావనియు, పదార్థము శక్తి యొక్క రూపాంతరమే యనియు ఆ సిద్ధాంతము చెప్పుచున్నది. తాను ధ్యానమార్గమున వెదకుచున్న దానిని వేరొక మార్గమున, లెక్కలతో, కొలతలతో వెదకువారు ఉన్నారని స్వామి గ్రహించిరి. ఆ మాటలను విని సంతోషించి ఊరకుండుట ఆయన స్వభావము కాదు. దానిని మూలమునుండి నేర్వవలెనని నిశ్చయించిరి.

అది సులభమైన నిశ్చయము కాదు. వయస్సు ముప్పది దాటినది. ఉన్నత గణితమున శిక్షణ లేదు. బోధనభాష జర్మను. నిన్నటివరకు వేదికపై కూర్చుండి బోధించినవారు నేడు తమకంటె పదేండ్లు చిన్నవారైన యువకుల ప్రక్కన బల్లపై కూర్చుండి కలన గణితము అభ్యసింపవలెను. తెలియనిది తెలియదని ఒప్పుకొనుట పామరునకంటె పండితునకు కష్టము. గురుస్థానమున నున్న సన్న్యాసికి మరియు కష్టము. స్వామి ఆ కష్టమునకు వెరవలేదు. డ్రెస్డెనులో గణిత భౌతికశాస్త్రములను క్రమముగా చదివిరి.

అచ్చటినుండి ఆయన చెకోస్లొవేకియా రాజధానియైన ప్రాగునకు చేరిరి. చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్స్ కిరణములను పరిశోధించుచుండిన వాత్స్లావ్ డొలెయ్‌షెక్ అను ఆచార్యుని ప్రయోగశాలలో ప్రవేశించిరి. ప్రతి మూలపదార్థమును తనకే చెందిన ఎక్స్ కిరణములను వెలువరించును. ఆ కిరణములను స్ఫటికముపై పడనిచ్చి, అవి యే కోణమున మరలుచున్నవో చూచినచో వాని తరంగముల పొడవు తెలియును. ఈ పనికి కావలసినది మేధ యొక్కటియే కాదు. చేతి నేర్పు, కంటి ఓర్పు కూడ కావలెను. వెండ్రుకవాసి తేడా వచ్చినను కొలత వ్యర్థమగును. స్వామి ఇచ్చట డాక్టరు పట్టమును పొందిరి. ఆయనకు ఈ విద్య నేర్పిన డొలెయ్‌షెక్ కథ విషాదాంతము. 1939లో జర్మను సేనలు ప్రాగును ఆక్రమించినవి. తన దేశము కొరకు రహస్యముగా పోరాడినవారిలో చేరిన ఆ ఆచార్యుడు పట్టువడి, టెరెజీను చెరసాలలో 1945 జనవరిలో మరణించెను.

యుద్ధము రాకముందే స్వామి ఇంగ్లండుకు చేరి, లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున జేమ్స్ చాడ్విక్ వద్ద పరిశోధనకు పూనిరి. 1932లో న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ ఈయనయే. ఇచ్చట స్వామి చేపట్టిన విషయము బీటా కిరణములు. దాని గొప్పతనము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

కొన్ని పరమాణువుల కేంద్రకములు తమంత తామే మార్పు చెంది ఎలక్ట్రానులను విసరును. ఆ ఎలక్ట్రానుల ప్రవాహమే బీటా కిరణములు. ఒకే జాతి కేంద్రకములు ఒకే విధముగా మారుచున్నవి కదా, అవి విసరు ఎలక్ట్రానులన్నిటికిని ఒకే శక్తి యుండవలెనని శాస్త్రజ్ఞులు తలచిరి. 1914లో బెర్లినులో గైగరు చెంత పనిచేయుచుండిన యువకుడు చాడ్విక్ ఆ తలపును తారుమారు చేసెను. ఎలక్ట్రానులు స్వల్పశక్తి మొదలుకొని ఒక పరిమితివరకు అన్ని శక్తులతోను వచ్చుచున్నవని అతని కొలతలు చూపినవి. అంతలో యుద్ధము వచ్చి, శత్రుదేశీయుడని అతనిని జర్మనులు బంధించి, గుఱ్ఱపుపందెముల మైదానమునందలి సాలలలో నాలుగేండ్లు ఉంచిరి. అచ్చటను అతడు ఊరకుండక, అంగడిలో దొరకు థోరియము కలిపిన పండ్లపొడితో ప్రయోగములు చేసెనట!

చాడ్విక్ ఫలితము పెద్ద చిక్కును తెచ్చినది. ఒక యింటినుండి ప్రతిదినము కొబ్బరికాయల వెల పది రూపాయలు బయలుదేరుచున్నవనుకొనుడు. అంగడికి ఒకనాడు మూడును, ఒకనాడు ఏడును, ఒకనాడు తొమ్మిదియు చేరుచున్నవి. మిగిలినది ఏమయ్యెను? లెక్క తప్పనుకొనవలెను, లేదా కంటబడని మనుష్యుడొకడు దారిలో తన వంతు తీసికొనిపోవుచున్నా డనుకొనవలెను. కొందరు శాస్త్రజ్ఞులు శక్తి నిత్యత్వనియమమునే శంకించిరి. 1930లో పౌలీ అను శాస్త్రజ్ఞుడు రెండవ మార్గము పట్టి, కంటబడని కణమొకటి ఎలక్ట్రానుతో పాటు వెడలుచున్నదని ఊహించెను. దానికే న్యూట్రినో అని పేరు. 1934లో ఇటలీ దేశీయుడైన ఫెర్మీ ఆ యూహపై సిద్ధాంతమును నిర్మించి, ఏ శక్తితో ఎన్ని ఎలక్ట్రానులు రావలెనో గణించి చూపెను.

ఇక దానిని పరీక్షించుట పరికరముల పని. బీటా వర్ణపటమాపకము అను యంత్రము అందుకు సాధనము. గాలి తీసివేసిన పాత్రలో ఒకవైపు కిరణములను వెలువరించు పదార్థము నుంచుదురు. పాత్రకు అడ్డముగా అయస్కాంతబలమును నెలకొల్పుదురు. వేగముగా పోవు బండి పెద్ద మలుపు తిరుగును. మెల్లగా పోవునది చిన్న మలుపు తిరుగును. ఎలక్ట్రానులును అట్లే శక్తిని బట్టి పెద్ద వంపులును చిన్న వంపులును తిరుగును. ఒక సన్నని చీలిక వద్ద గైగరు గణకము నుంచి, అయస్కాంతబలమును మార్చుచు ఎన్ని యెలక్ట్రానులు వచ్చుచున్నవో లెక్కింతురు.

చెప్పుటకు సులభము. కాని మూలపదార్థపు పూత ఏమాత్రము మందమైనను దానిలోనే ఎలక్ట్రానులు తగులుకొని శక్తిని కోల్పోవును. అప్పుడు తక్కువ శక్తి గలవి లేనంత అధికముగా కనబడును. ఇట్టి పొరబాటు నిజముగనే జరిగినది. 1935లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున కొనొపిన్‌స్కీ, ఊలెన్‌బెక్ అను ఇరువురు, నాటి కొలతలతో ఫెర్మీ సిద్ధాంతము సరిపోవుట లేదని దానిని మార్చిరి. కొన్ని సంవత్సరములు ఆ మార్పే సరియైనదని పలువురు నమ్మిరి. తరువాత పలుచని పూతలతో చేసిన కొలతలు ఫెర్మీ చెప్పినదే నిజమని తేల్చినవి. దోషము సిద్ధాంతమున లేదు, పూతలో ఉన్నది! ఇట్టి రంగమున పనిచేయువానికి తన యంత్రముపై తనకే అనుమానముండవలెను. స్వామి ఎన్నుకొన్నది ఈ రంగమును. లివర్‌పూలులో బీటా కిరణ పరిశోధనకు మరల డాక్టరు పట్టము నందిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అదే మిచిగన్ విశ్వవిద్యాలయమునకు వెడలి కృత్రిమ రేడియోధార్మిక పదార్థములపై కృషి సాగించిరి.

ఈ పనులన్నిటికిని మూలమైనది శూన్యము. పాత్రలో గాలి మిగిలినచో ఎలక్ట్రాను దానిని ఢీకొని దారి తప్పును. కావున గాలిని ఏ పంపుతో ఎట్లు లాగవలెను, ఎంత మిగిలినదో ఎట్లు కొలువవలెను, ఏ సందునుండి లోపలికి కారుచున్నదో ఎట్లు పట్టవలెను అనునది స్వయముగా ఒక శాస్త్రము. స్వామి ఈ విషయముపై ఆంగ్లమున రచించిన పెద్ద గ్రంథము 1947లో అమెరికాలో వెలువడినది. దానిపై రచయిత పేరు స్వామి జ్ఞానానంద అనియే యున్నది. మనస్సులోని సంకల్పములను ఖాళీ చేయుటకు హిమాలయములలో ఏండ్లు గడపినవారు, పాత్రలోని గాలిని ఖాళీ చేయు విద్యకు ప్రామాణికగ్రంథము వ్రాయుట వింతగా తోచవచ్చును. ఆయనకు మాత్రము అది వింత గాదు. సన్న్యాసము ఆయనను ప్రయోగశాలకు పోకుండ ఆపలేదు. ప్రయోగశాల ఆయన సన్న్యాసమును మాన్పలేదు.

1947లో, దేశము స్వతంత్రమైన సంవత్సరముననే, స్వామి భారతదేశమునకు తిరిగివచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరిరి. పిదప 1954లో వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. అప్పుడు వాసిరెడ్డి శ్రీకృష్ణ ఉపాధ్యక్షులుగా నుండిరి. తెలుగునాట కేంద్రక భౌతికశాస్త్రమునకు అప్పటికి చెప్పుకోదగిన ప్రయోగశాల లేదు. 1956లో ఆ శాస్త్రమునకు ప్రత్యేకశాఖ యేర్పడి స్వామి దానికి ఆచార్యులైరి. ఆ సంవత్సరముననే అమెరికాలో రైన్స్, కొవన్ అను శాస్త్రజ్ఞులు పౌలీ ఊహించిన న్యూట్రినోను పట్టి చూపిరి.

విదేశములలో సర్వసామగ్రి అమర్చియున్న ప్రయోగశాలలో పనిచేయుట వేరు, సముద్రతీరపు ఉప్పుగాలిలో ఏమియు లేనిచోట ఒకదానిని నిలబెట్టుట వేరు. విదేశములనుండి పరికరము తెప్పింపవలెనన్న ధనముతో పాటు అనుమతులు కావలెను. ఆయన తనకు వచ్చిన విద్యను యువకుల చేతులలో పెట్టిరి. బీటా, గామా కిరణములను కొలుచు పని వాల్తేరున వేళ్లూనినది. డెల్టా గ్రామములనుండి వచ్చిన విద్యార్థులు కేంద్రకములోని శక్తిస్థాయిలను తమ చేతులతో కొలిచి ప్రపంచ పత్రికలకు పంపగలిగిరి.

స్వామి కాలమునకు కేంద్రకములను పరిశీలించువారు అవి తమంత తాము విసరు కణములనే ఎక్కువగా ఎదురుచూచెడివారు. తరువాతి తరములవారు కేంద్రకములనే ఒకదానితో నొకటి ఢీకొట్టసాగిరి. రెండు కొబ్బరికాయలను ఎదురెదురుగా విసరి పగులగొట్టి, చిందిన నీటిబొట్లను బట్టి లోపలి సంగతి చెప్పుట వంటిదది. 2010 నవంబరులో జెనీవా చెంత, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగములో సీసపు కేంద్రకములను తొలిసారి ఢీకొట్టిరి. సూర్యగర్భమునకంటె లక్ష రెట్లకు మించిన వేడి క్షణములో అతిస్వల్పభాగము పుట్టి ఆరినది. సృష్ట్యాదిలో ప్రోటానులు, న్యూట్రానులు ఏర్పడకముందు పదార్థము ఇట్టి ద్రవరూపమున ఉండెనని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఆ మంట కంటికి కనబడునది కాదు. దానినుండి వేలకొలది కణములు చిమ్మును. వానిని పట్టుటకు ఆలిస్ అను మహాయంత్రమును అమర్చిరి. దాని నడుమ అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల అడ్డుకొలత గల వాయుపాత్ర కలదు. కణము వాయువులో సాగిన దారి గుర్తు పడును. చుట్టునున్న అయస్కాంతము ఆ దారిని వంచును. ఆ వంపును బట్టి కణపు వేగభారములను లెక్కింతురు. కేంద్రకములు పరుగెత్తు గొట్టములో గ్రహముల నడిమి ఆకాశమువంటి శూన్యమును నిలిపిరి. యంత్రము మేడయంత పెద్దదైనది గాని ఆ వంపును ఆ శూన్యమును స్వామి తన బల్లపై చేయు పనిలో నమ్ముకొన్నవే. ఆలిస్ నిర్మాణమున కలకత్తా శాస్త్రజ్ఞులును తోడ్పడిరి.

స్వామి ఇవి చూడలేదు. 1965లో ఆచార్యపదవినుండి విరమించిరి. 1969వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన దేహమును చాలించిరి. వాల్తేరులో ఆయన నెలకొల్పిన కేంద్రక పరిశోధనశాలకు విశ్వవిద్యాలయమువారు ఆయన పేరు పెట్టిరి.