హృదయనాళ వైద్యానికి ఆద్యుడు: ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్

లోకానికి మహోపకారం చేసినవారందరూ జనసామాన్యానికి పరిచితులు కారు. గుండెనొప్పి వచ్చినవారికి బెలూన్ వేశారనీ, స్టెంటు పెట్టారనీ మన నెల్లూరు సీమ పల్లెల్లో కూడా నేడు చెప్పుకుంటారు. ఆ చికిత్సకు మూలపురుషుడైన ఆండ్రియాస్ గ్రూంట్‌సిగ్ పేరు ఎరిగినవారు మాత్రం అరుదు.

ఆయన 1939 జూన్ 25న జర్మనీలోని డ్రెస్డెన్‌లో జన్మించారు. తండ్రి ప్రపంచ యుద్ధంలో కనుమరుగయ్యారు. బాల్యంలో అధికభాగం తూర్పు జర్మనీలో గడిచింది. పిమ్మట పశ్చిమానికి చేరి, 1964లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టం పొందారు. ఆ సంవత్సరమే అమెరికాలో చార్లెస్ డాటర్ అనే వైద్యుడు, మూసుకుపోయిన కాలి రక్తనాళాన్ని కోత లేకుండా సన్నని గొట్టాలతో తెరిచారు. ఆ మార్గమే గ్రూంట్‌సిగ్‌ను ఆకర్షించింది. ముడుచుకొని నాళంలోకి వెళ్లి, అవరోధం ఉన్నచోటనే ఉబ్బే బెలూన్ ఉంటే మేలని ఆయన తలపోశారు.

స్విట్జర్లాండ్‌లోని జూరిచ్‌లో పగలు ఆసుపత్రి విధులు. రాత్రివేళ ఇంట్లో వంటగది బల్లపై, భార్య, సహాయకురాలి తోడ్పాటుతో ప్లాస్టిక్ బెలూన్ల తయారీ. 1974 ఫిబ్రవరిలో ఒక రోగి కాలినాళాన్ని బెలూన్‌తో తెరిచారు. 1977 సెప్టెంబరు 16న, నలభై ఏళ్లు నిండని ఒక వ్యక్తి హృదయనాళంలో బెలూన్‌ను ఉబ్బించారు. ఇరుకు తొలగింది. పదేళ్ల తరువాత పరీక్షించినపుడు సైతం ఆ నాళం తెరుచుకొనే ఉంది.

అయితే హృదయనాళం ఒంటరి గొట్టం కాదు, కొమ్మలుగా చీలే వృక్షం వంటిది. తోటపల్లి గూడూరు పొలాలకు పెన్నా నీరు తెచ్చే కాలువలను గమనించండి. పెద్దకాలువలో మేటవేసిన మట్టిని పక్కకు నెడితే, అది పిల్లకాలువ మొగను పూడ్చవచ్చు. ప్రధాన నాళంలో కొవ్వును బెలూన్ అదిమినపుడు శాఖ ముఖద్వారం మూసుకుపోవడం కూడా అటువంటిదే. ఈ ప్రమాదంపై గ్రూంట్‌సిగ్ తన సహచరులతో కలిసి 1984లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. రెండు నాళాలలోనూ తీగలు నిలిపి, రెండు బెలూన్లను ఒకేసారి ఉబ్బించడం ఈ చిక్కుకు ఒక పరిష్కారంగా స్థిరపడింది.

ఆయన నేర్పుకంటె నిజాయితీ గొప్పది. 1979లో తొలి 50 మంది రోగుల ఫలితాలను ప్రకటించినపుడు, 32 మందిలో మాత్రమే ప్రక్రియ సఫలమైనదనీ, అయిదుగురికి అత్యవసర శస్త్రచికిత్స చేయవలసి వచ్చినదనీ దాచక తెలిపారు. 1978 నుండి ఇతర వైద్యులు తెరపై చూస్తుండగా చికిత్స చేసి చూపారు. అపజయం కలిగినా అది అందరి కళ్ల ఎదుటే.

1980లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో చేరారు. 1985 అక్టోబరు 27న, తాము నడుపుతున్న విమానం కూలి, భార్యతో సహా మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. నాళం మళ్లీ మూసుకుపోకుండా నిలిపే స్టెంటును హృదయనాళంలో మొదటిసారి అమర్చినది 1986లో, ఫ్రాన్స్‌లో. దానిని చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1990 దశకంలో మన హైదరాబాదులో అబ్దుల్ కలాం, డాక్టర్ సోమరాజు గార్ల కృషితో, పేదలకు అందే వెలలో స్టెంటు రూపొందింది.

నేటికీ శాఖలు చీలే చోటి అవరోధం వైద్యులకు పరీక్షయే. సాధారణంగా ప్రధాన నాళంలో ఒకే స్టెంటు అమర్చి, అవసరమైతేనే శాఖను తెరుస్తారు. శాఖ పెద్దదై, వ్యాధి తీవ్రమైతే రెండవ స్టెంటు వాడుతారు.

విద్యార్థులారా! విజయంతోపాటు వైఫల్యాన్ని కూడా లెక్కవేసి లోకానికి చూపినవాడే తరువాతి తరానికి దారి వేయగలడని ఈ మహనీయుని జీవితం బోధిస్తున్నది.