నెల్లూరు వ్యాపారం నుంచి పార్లమెంటు దాకా.. తూటాలకు బలైన మాగుంట సుబ్బరామిరెడ్డి కథ ఇదీ

నెల్లూరు తీరం నుంచి వ్యాపారులు ఢిల్లీ బాట పట్టడం కొత్తేం కాదు. రొయ్యల వ్యాపారంలో ఎదిగిన బీద మస్తాన్ రావు రాజ్యసభకు వెళ్లారు. కాంట్రాక్టుల్లో పేరు తెచ్చుకున్న వేమిరెడ్డి ప్రభాకర్ రెడ్డి 2024లో లోక్‌సభకు గెలిచారు. కానీ వీళ్లకంటే చాలా ముందే ఆ దారిలో నడిచి, ఎంపీగా ఉండగానే హత్యకు గురైన నేత ఒకరున్నారు. ఆయనే మాగుంట సుబ్బరామిరెడ్డి.

ఎవరీ మాగుంట?

నెల్లూరులో మాగుంట లేఅవుట్ అంటే ఆటోవాళ్లు కూడా టక్కున చెప్పేస్తారు. ఆ ఇంటిపేరుకు అంత పలుకుబడి తెచ్చిన వ్యక్తి సుబ్బరామిరెడ్డి. మద్యం వ్యాపారమే ఆ కుటుంబానికి పెద్ద ఆర్థిక బలం. అప్పట్లో సారా అమ్మే హక్కును ప్రభుత్వమే వేలం వేసేది. పాట పాడుకున్న కాంట్రాక్టర్‌దే ఆ ఏరియాలో రాజ్యం. ఖజానాకు ఆదాయం, కాంట్రాక్టర్‌కు లాభం.. పేదోడి కూలి డబ్బులు మాత్రం సారా కొట్టుకే.

నెల్లూరు కాదు.. ఒంగోలు ఎందుకు?

ఆ రోజుల్లో నెల్లూరు లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. అందుకే లోక్‌సభకు వెళ్లాలనుకునే ఇతర నెల్లూరు నేతలు పక్కనే ఉన్న ఒంగోలు వైపు చూసేవారు. 1989లో నెల్లూరు జిల్లాకే చెందిన మేకపాటి రాజమోహన్ రెడ్డి అక్కడ గెలిచారు. 1991లో కాంగ్రెస్ తరఫున సుబ్బరామిరెడ్డి విజయం సాధించారు. ఆ ఎన్నికల తర్వాతే పీవీ నరసింహారావు ప్రధాని అయ్యారు. మెజారిటీ లేని ఆ సర్కారుకు ఒక్కో ఎంపీ ఎంతో కీలకం.

సొంత జిల్లాలోనే సెగ

సరిగ్గా అప్పుడే నెల్లూరు జిల్లాలో సీన్ మారిపోయింది. 1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే కొట్లు మూయించారు. ఊరూరా ఉద్యమం పాకింది. జిల్లాలో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. చివరకు 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారాను నిషేధించక తప్పలేదు. 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్టీఆర్, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం తెచ్చారు. సుబ్బరామిరెడ్డి పార్లమెంటులో ఉన్న కాలంలోనే ఆయన వ్యాపారానికి కాళ్ల కింద నేల కదిలిపోయిందన్నమాట.

1995 డిసెంబర్ 1.. ఒంగోలులో తూటాల మోత

మరో ఐదారు నెలల్లో ఎన్నికలు. ఇంతలోనే ఒంగోలులో పీపుల్స్‌వార్ నక్సలైట్లు సుబ్బరామిరెడ్డిని కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు కూడా నిండలేదు. నల్లమల అడవుల వైపు వినిపించే తుపాకీ చప్పుడు తీరప్రాంత పట్టణంలో వినిపించడంతో జనం ఉలిక్కిపడ్డారు. సిట్టింగ్ ఎంపీకే దిక్కులేకపోతే తమ పరిస్థితేంటన్న భయం నేతల్ని వెంటాడింది.

ఆ తర్వాత ఏమైంది?

1996లో భార్య పార్వతమ్మ అదే ఒంగోలు నుంచి ఎంపీగా గెలిచారు. 2004లో కావలి ఎమ్మెల్యే అయ్యారు. 2024లో కన్నుమూశారు. తమ్ముడు శ్రీనివాసులురెడ్డి 1998, 2004, 2009, 2019, 2024 ఎన్నికల్లో ఒంగోలు ఎంపీగా నెగ్గారు. పార్టీలు మారాయి, ఇంటిపేరు మాత్రం నిలబడింది. ఏటా డిసెంబర్ 1న అభిమానులు సుబ్బరామిరెడ్డికి నివాళులర్పిస్తుంటారు.

ఆయన జీవితం ఒక విషయం చెబుతోంది. నెల్లూరు ఆడవాళ్లు ఒక్క తూటా పేల్చకుండానే సారా వేలంపాటల్ని ఆపగలిగారు. తుపాకీ మాత్రం ఒక మనిషి ప్రాణం తీసి, ఒక కుటుంబాన్ని దిక్కులేనిదాన్ని చేసింది. అంతకుమించి అది సాధించిందేమీ లేదు. ఆ సీటు మళ్లీ ఆ ఇంటికే వచ్చింది.