రైతుల పక్షాన నిలిచిన వర్తకుడు డేవిడ్ లూబిన్

పండించిన పంటకు ధర నిర్ణయించే అధికారం పండించినవానికి లేకపోవడం వ్యవసాయవృత్తికి అనాదిగా పట్టిన గ్రహణం. కుండ చేసినవాడు కుండకు ధర చెబుతాడు. చెప్పులు కుట్టినవాడు చెప్పులకు ధర చెబుతాడు. రైతు మాత్రం బస్తాలు బండికెత్తి బజారు చేరి, ఎంత ఇస్తారని అడుగుతాడు. మాలో అనేకులు రైతు కుటుంబాలనుండి వచ్చినవారే కనుక ఈ బాధ మాకు కేవలం పుస్తకాలవల్ల తెలిసినది కాదు. దీనికి మూలమేమిటో అన్వేషించి, నివారణోపాయం కొరకు దేశదేశాలు తిరిగి రాజద్వారాలు తట్టిన ఒక వర్తకుని జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచ సంకల్పించాము.

డేవిడ్ లూబిన్ 1849 జూన్ 10న, నాడు రష్యా పాలనలో ఉన్న పోలండు దేశంలో ఒక పేద యూదు కుటుంబంలో జన్మించాడు. ఆయన పసితనంలోనే ఆ కుటుంబం ఇంగ్లండు మీదుగా న్యూయార్కు నగరం చేరింది. పేదరికంవల్ల చిన్ననాటనే బడి మాని, నగలు తయారుచేసే కర్మాగారంలో పనికి కుదిరాడు. యౌవనారంభంలో పశ్చిమ తీరానికి వెళ్లి కలపవాడలలో కూలి చేశాడు. ఎడారిలో బంగారం వెదికాడు. ఊరూరా దీపాలు అమ్మాడు. చివరకు 1874లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాక్రమెంటో పట్టణంలో చిన్న బట్టల దుకాణం తెరిచాడు.

ఆ రోజులలో అక్కడి అంగళ్లలో బేరమాడనిదే సరుకు కొనే ఆచారం లేదు. లూబిన్ ప్రతి వస్తువు మీద ధర చీటీ అంటించి, ధనికునికైనా పేదకైనా ఒకే ధర అని ప్రకటించాడు. జనం మొదట సందేహించినా తరువాత నమ్మారు. సవతి సోదరుడు హారిస్ వైన్‌స్టాక్‌తో కలిసి నడిపిన ఆ దుకాణం కొన్ని ఏండ్లలోనే పెద్ద వ్యాపార సంస్థ అయింది.

సంపాదించిన ధనంతో ఆయన భూములు కొని పండ్ల తోటలు, గోధుమ సాగు ప్రారంభించాడు. అప్పుడే ఆయన కండ్లు తెరుచుకొన్నాయి. తన దుకాణంలో ప్రతి గుడ్డముక్కకూ ధర చీటీ ఉన్నది. తన పొలంలోని గోధుమకు మాత్రం లేదు. దాని ధర వేల మైళ్ల దూరాన ఇంగ్లండులోని లివర్‌పూల్ మార్కెట్టులో నిర్ణయమయ్యేది. అందులో ఓడ కిరాయి, రైలు కిరాయి, దళారి ఖర్చులు పోగా మిగిలినదే రైతుకు దక్కేది. గోధుమ స్వదేశంలోనే అమ్ముడుపోయినా లెక్క ఇంతే. ఇక రైతు కొనే వస్తువులకో, దిగుమతి సుంకాల రక్షణవల్ల ధర హెచ్చు. అమ్మేటప్పుడు ప్రపంచపు ధర, కొనేటప్పుడు సుంకం చేర్చిన ధర. రైతు రెండువైపులా నష్టపోతున్నాడని లూబిన్ గ్రహించాడు.

మొదట ఆయన పండ్ల రైతులను సంఘటితపరచుటకు కృషి చేశాడు. ఎగుమతి అయ్యే పంటల రవాణాకు ప్రభుత్వం సాయమివ్వాలని వాదించాడు గాని ఆ వాదం నెగ్గలేదు. ఆలోచించగా మరొక సత్యం తోచింది. ఏ దేశంలో ఎంత పంట వచ్చినదో పెద్ద వర్తకులకు ముందే తెలుస్తుంది, రైతుకు తెలియదు. ఎక్కడో పంట విరగబడి పండినదని ఒక వదంతి పుడితే చాలు, కోతకాలంలో ధర పడిపోతుంది. అప్పులవాడు గుమ్మంలో కూర్చుండగా రైతు అయినకాడికి అమ్ముకొంటాడు. పంట వర్తకుల గిడ్డంగి చేరిన పిమ్మట ధర మరల లేస్తుంది. అన్ని దేశాల పంటల లెక్కలను ఒకచోట చేర్చి బహిరంగంగా ప్రకటిస్తే తప్ప ఈ వదంతుల వ్యాపారం ఆగదు. అది ఏ ఒక్క దేశంవల్లనూ అయ్యే పని కాదు.

ఈ భావంతో ఆయన వాషింగ్టన్, లండన్, పారిస్ నగరాల అధికారులను ఆశ్రయించాడు. ఎవరూ చెవినిడలేదు. పదవిగాని పట్టాగాని లేని బట్టల వర్తకుడు ప్రభుత్వాలకు పాఠం చెప్పుటయా అనుకొన్నారు కాబోలు. పట్టు వదలక ఇటలీ చేరిన లూబిన్‌కు 1904లో మూడవ విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజు దర్శనమిచ్చి, ఆ ఆశయాన్ని తనదిగా స్వీకరించాడు. రాజు ఆహ్వానంపై రోమ్ నగరంలో సమావేశం జరిగింది. 1905 జూన్ 7న 40 దేశాల ప్రతినిధులు ఒప్పందంపై సంతకాలు చేశారు. 1908లో అంతర్జాతీయ వ్యవసాయ సంస్థ సొంత భవనంలో ప్రారంభమయింది.

అయితే లూబిన్ కోరినదంతా నెరవేరలేదు. ఆ సభలో రైతు సంఘాల ప్రతినిధులే కూర్చోవాలని ఆయన ఆశ. ఒప్పందం మాత్రం ప్రభుత్వాల ప్రతినిధులకే చోటిచ్చింది. ఐనా ఆయన అలిగి ఇంటికి పోలేదు. 1906 నుండి మరణపర్యంతం అమెరికా ప్రతినిధిగా అక్కడనే ఉండి, పంటల గణాంకాలు సకాలంలో పంపవలసినదని దేశాలను వెంటపడి అడిగాడు.

లెక్క తెలిసినంత మాత్రాన చాలదనీ, ధర వచ్చేవరకు పంటను నిలుపుకొనే శక్తి రైతుకు ఉండాలనీ ఆయన ఎరుగును. అందుకే జర్మనీలో రైఫైజన్ నెలకొల్పిన గ్రామీణ పరపతి సంఘాల విధానాన్ని స్వదేశీయులకు పరిచయం చేశాడు. 1913లో అమెరికా ప్రతినిధి వర్గమొకటి ఐరోపా వచ్చి ఆ సంఘాలను పరిశీలించింది. 1916లో అమెరికాలో వ్యవసాయ రుణాల చట్టం వెలువడింది. ఇదే రైఫైజన్ విధానాన్ని అంతకు పూర్వమే మద్రాసు ప్రభుత్వం కొరకు ఫ్రెడరిక్ నికల్సన్ అధ్యయనం చేశాడు. 1904 నాటి మన దేశపు సహకార చట్టానికి ఆ నివేదిక దారి చూపింది. మన పల్లెల్లోని సహకార పరపతి సంఘాలూ, లూబిన్ కృషీ ఒకే చెట్టు కొమ్మలని చెప్పవచ్చును.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన కూర్చిన దేశాలను శత్రు శిబిరాలుగా చీల్చింది. యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, 1919 జనవరి 1న, లోకమంతటా వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరంతో ఆయన రోమ్‌లో కన్నుమూశాడు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆయన సంస్థ బాధ్యతలు 1945లో ఏర్పడిన ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థకు సంక్రమించాయి. మన దేశం దాని స్థాపక సభ్యులలో ఒకటి. మన దేశీయుడైన బినయ్ రంజన్ సేన్ 1956 నుండి 1967 వరకు దానికి అధిపతిగా ఉన్నాడు. రోమ్‌లో ఆ సంస్థ గ్రంథాలయం నేటికీ లూబిన్ పేరు ధరించి ఉన్నది.

నేడు దూరదేశపు ధర సైతం క్షణంలో సెల్‌ఫోనులో కనిపిస్తుంది. లూబిన్ కోరిన లెక్క రైతు చేతికి వచ్చింది గాని, ధర వచ్చేవరకు ఆగగల శక్తి అందరికీ ఇంకా రాలేదు. ఆ శక్తి పరపతివల్ల, గిడ్డంగులవల్ల, సంఘబలంవల్ల రావాలి. బడి ముఖం సరిగా చూడని ఒక వర్తకుడు 40 దేశాలను ఒక చోట కూర్చోబెట్టగలిగినప్పుడు, కళాశాల మెట్లెక్కిన మనం మన ఊరి సహకార సంఘపు లెక్కల పుస్తకమైనా తెరిచి, అందులో ఏమున్నదో తల్లిదండ్రులకు చదివి వినిపించలేమా అని మమ్మల్ని మేము ప్రశ్నించుకొంటూ ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాము.