సూక్ష్మలోక దర్శిని బియాట్రిక్స్ పాటర్

వానకాలంలో ఒక్క రాత్రి గడిచేసరికి పుట్టల మీదా, గట్ల మీదా తెల్లని గొడుగులు వెలుస్తాయి. పుట్టపై మొలిచే గొడుగు కనుకనే మన పెద్దలు దానిని పుట్టగొడుగు అన్నారు. విత్తినవారు లేరు, నీరు పోసినవారు లేరు. మరి ఆ గొడుగు ఎక్కడినుండి వచ్చింది? ఇటువంటి ప్రశ్నకు సమాధానం వెదకుతూ యౌవనంలో కొన్నేళ్లు సూక్ష్మదర్శిని ముందు గడిపిన ఆంగ్ల వనిత బియాట్రిక్స్ పాటర్. పీటర్ రాబిట్ అనే కుందేలు కథ ద్వారా లోకంలోని బాలబాలికలకు ఆమె చిరపరిచిత. ఆమె శిలీంధ్రాలను పరిశోధించిన సంగతి మాత్రం చాలామంది ఎరుగరు.

బియాట్రిక్స్ 1866 జూలై 28న లండన్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించింది. తండ్రి రూపర్ట్ న్యాయశాస్త్రం చదివినవాడు, ఛాయాచిత్రకళపై మక్కువ గలవాడు. తల్లి హెలెన్. ఆనాటి సంపన్నుల ఆచారం ననుసరించి ఆమెను పాఠశాలకు పంపక, ఇంటివద్దనే ఉపాధ్యాయినులచేత చదువు చెప్పించారు. తమ్ముడు బెర్‌ట్రమ్‌తో కలిసి కుందేళ్లను, ఎలుకలను, కప్పలను పెంచుతూ, వాటి రూపాలను చిత్రించడం ఆమెకు నిత్యకృత్యమయింది. వేసవి సెలవులలో కుటుంబమంతా స్కాట్లండ్‌లోని పెర్త్‌షైర్‌కో, ఇంగ్లండ్‌లోని సరస్సుల సీమకో తరలిపోయేది. అక్కడి తడి అడవులే ఆమెకు ప్రకృతి పాఠశాలలయినాయి.

1892లో పెర్త్‌షైర్‌లో చార్లెస్ మెకింటోష్ అనే తపాలా ఉద్యోగితో ఆమెకు పరిచయం కలిగింది. ఉత్తరాలు పంచుతూ మైళ్లకొద్దీ నడచిన ఆయన ఆ ప్రాంతపు నాచులను, శిలీంధ్రాలను స్వయంకృషితో తెలుసుకొన్న వ్యక్తి. పుట్టగొడుగు పైరూపాన్ని మాత్రమే కాక, దానిని నిలువుగా కోసి లోపలి నిర్మాణాన్ని కూడా చిత్రించాలని ఆయన సూచించాడు. శీతకాలంలో నమూనాలను తపాలాలో లండన్‌కు పంపేవాడు. ఆమె వాటి చిత్రాలను గీసి ఆయనకు పంపేది. విద్యకు హోదాతో పనిలేదనడానికి ఈ స్నేహమే నిదర్శనం.

పుట్టగొడుగు అడుగుభాగంలో పుస్తకపు పుటలవలె అమరిన మొప్పలుంటాయి. వాటినుండి ధూళివలె రాలేవే సిద్ధబీజాలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వందో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. వాటి ఆకారమూ, వర్ణమూ ఏ జాతి పుట్టగొడుగో గుర్తించడానికి ఆధారాలు. బియాట్రిక్స్ వాటిని 600 రెట్లు పెద్దవిగా చూస్తూ నీటిరంగులలో చిత్రించింది. అంతటితో తృప్తి చెందక, వాటిని తడిలో ఉంచి మొలకెత్తించింది. సిద్ధబీజం నుండి సన్నని దారాల వంటి తంతువులు సాగే తీరును దశలవారీగా నమోదు చేసింది. జర్మనీలో ఇటువంటి ప్రయోగాలు అంతకుముందే జరిగినా, ఏ శిక్షణా లేని ఒక యువతి ఇంటివద్దనే ఈ కృషి చేయడం అసాధారణం.

ఆమె మేనమామ వరుసయిన సర్ హెన్రీ రాస్కో ప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త. ఆయన 1896లో ఆమెను క్యూ ఉద్యానవనానికి తోడ్కొనిపోయాడు. అక్కడి సంచాలకుడు ఆమె కృషికి తగిన విలువనీయలేదు. ఆమె నిరాశ చెందక పరిశోధన కొనసాగించి ఒక వ్యాసం రచించింది. 1897 ఏప్రిల్ 1న ఆ వ్యాసం లండన్‌లోని లిన్నియన్ సొసైటీ సభ ముందుకు వచ్చింది. స్త్రీలకు ఆ సభలో ప్రవేశం లేదు. కాబట్టి క్యూలోని శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు జార్జ్ మాసీ దానిని సమర్పించాడు. తన వ్యాసంపై జరిగే చర్చను వినే భాగ్యం రచయిత్రికే లేకపోయింది! తరువాత ఆమె ఆ వ్యాసాన్ని వెనుకకు తీసుకొన్నది. నేడు దాని ప్రతి ఒక్కటైనా లభించడం లేదు. ఆ సంస్థ స్త్రీలను సభ్యులుగా ఎన్నుకొన్నది 1904లో మాత్రమే.

ఒక ద్వారం మూసుకొన్నా ఆమె కుంచె ఆగలేదు. 1893లో, అస్వస్థుడైన ఒక బాలునికి వినోదం కలిగించడానికి లేఖగా రాసిన కుందేలు కథ 1902లో పుస్తకమై అశేష కీర్తి తెచ్చింది. ఆ రాబడితో ఆమె సరస్సుల సీమలో పొలాలు కొన్నది. 1913లో విలియం హీలిస్‌ను వివాహమాడి, గొర్రెల పెంపకంలో నిపుణురాలనిపించుకొన్నది. 1943 డిసెంబరు 22న కన్నుమూసేనాటికి తనకున్న 4,000 ఎకరాలకు పైగా భూమిని నేషనల్ ట్రస్ట్‌కు చెందేటట్లు ఏర్పాటు చేసింది.

ఆమె శిలీంధ్ర చిత్రాలు ఆంబుల్‌సైడ్‌లోని ఆర్మిట్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. 1967లో వెలువడిన ఒక శిలీంధ్ర శాస్త్ర గ్రంథంలో వాటిలో కొన్నింటిని ముద్రించారు. తాను కోరుకొన్న రీతిలోనే అవి చదువరులకు ఉపకరించడం చూడడానికి ఆమె లేదు. వందేళ్ల తరువాత, 1997లో లిన్నియన్ సొసైటీ ఆనాటి వివక్షను బహిరంగంగా అంగీకరించింది. జ్ఞానానికి స్త్రీ పురుష భేదం లేదు. ఆ భేదాన్ని కల్పించిన సమాజమే ఒక వ్యాసాన్ని శాశ్వతంగా కోల్పోయింది. అయినా శ్రద్ధతో చేసిన పని వృథా కాదనీ, అది సిద్ధబీజం వలె అనుకూలమైన కాలానికై వేచి ఉండి మొలకెత్తుతుందనీ బియాట్రిక్స్ పాటర్ జీవితం మనకు తెలియజేస్తున్నది.