భక్షకకణాల వైతాళికుడు – మెచ్నికోవ్

ఇల్యా మెచ్నికోవ్ 1845లో, నేటి ఉక్రెయిన్ దేశంలోని ఖార్కివ్ నగర సమీపాన జన్మించారు. నాలుగు సంవత్సరాల విశ్వవిద్యాలయ విద్యను రెండు సంవత్సరాలలోనే ముగించిన ప్రజ్ఞాశాలి ఆయన. 1865లో జర్మనీలోని గీసెన్ నగరంలో ఒక చదునైన పురుగును పరిశీలిస్తూ, ఆహారం దాని కణాలలోనికే చేరి అక్కడే జీర్ణం కావడం గమనించారు. నాటికి అదొక చిన్న విశేషం మాత్రమే.

1873లో ఆయన భార్య లుడ్మిలా క్షయవ్యాధితో మరణించారు. ఆ దుఃఖం ఆయనకు బ్రతుకుపైనే విరక్తి కలిగించింది. క్రమంగా తేరుకొని, 1875లో ఓల్గాను వివాహమాడారు. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిలో ఉన్న ఆయన, రాజకీయ కల్లోలాలకు విసిగి 1882లో దానిని వదలి, కుటుంబంతో ఇటలీలోని మెస్సీనా చేరుకున్నారు.

ఒకనాడు ఇంటివారందరూ సర్కసు చూడబోయారు. ఒంటరిగా మిగిలిన మెచ్నికోవ్ సూక్ష్మదర్శినిలో సముద్ర నక్షత్ర డింభకాన్ని చూస్తున్నారు. గాజువలె పారదర్శకమైన ఆ జీవిలో కొన్ని కణాలు కదలాడుతున్నాయి. ఇట్టి కణాలు శరీరంలో చొరబడిన శత్రువును కూడా ఎదుర్కొంటాయేమోనన్న ఊహ ఆయనకు మెరిసింది. వెంటనే తోటలోని గులాబీ ముళ్లు తెచ్చి డింభకాల చర్మం క్రింద గుచ్చారు. ఆ రాత్రి ఆయనకు కంటిమీద కునుకు లేదు. తెల్లవారి చూడగా కణాలు ముళ్లను చుట్టుముట్టి ఉన్నాయి!

ముల్లు కణానికి మ్రింగుడు పడనంత పెద్దది. సూక్ష్మజీవి అట్లు కాదు. అది తాకగానే కణత్వచం చేతులు చాచినట్లు ముందుకు సాగి దానిని చుట్టుకొంటుంది. అంచులు కలిసిపోగా, త్వచంలో ఆ భాగం చిన్న సంచివలె విడివడి కణంలోనికి చేరుతుంది. పొరకు చిల్లు పడదు. ఇందులోని చమత్కారమంతా అదే. పిదప ఆ సంచిలో జీర్ణరసాలు చేరి సూక్ష్మజీవిని కరిగిస్తాయి. ఈ వివరాలలో అధికభాగం తరువాతి పరిశోధకులు తెలుసుకొన్నవే. జీర్ణరసాలను దాచియుంచే లైసోజోములు 1955లో గాని వెలుగులోనికి రాలేదు.

మెచ్నికోవ్ ఈ కణాలకు భక్షకకణాలని అర్థమిచ్చే గ్రీకు పేరు పెట్టి, 1883లో తన సిద్ధాంతాన్ని ప్రకటించారు. మరుసటి ఏడు డాఫ్నియా అనే చిన్న నీటిజీవిని పరిశీలించి, దాని కణాలు రోగకారక శిలీంధ్రాన్ని మ్రింగగలిగితే అది బ్రతకడం, మ్రింగలేకపోతే మరణించడం చూపారు. అయినను జర్మన్ పండితులు పలువురు అంగీకరించలేదు. రోగరక్షణ రక్తద్రవానిదే గాని కణాలది కాదని వారి వాదం. స్వభావరీత్యా ఆవేశపరుడైన మెచ్నికోవ్ విమర్శలకు ప్రయోగాలతోనే బదులిచ్చారు. 1888 నుండి పారిస్‌లోని పాశ్చర్ సంస్థ ఆయన కార్యక్షేత్రమైంది.

1908లో నోబెల్ బహుమతిని ఆయనకూ, రక్తద్రవ పక్షంలో ప్రముఖుడైన పాల్ ఎర్లిక్‌కూ కలిపి ప్రదానం చేశారు. రోగరక్షణలో ఇరువురి మాటా నిజమేనని ఆ తరువాతి శాస్త్రం తేల్చింది. మెచ్నికోవ్ 1916లో పారిస్‌లో కన్నుమూశారు. ఆయన చితాభస్మాన్ని పాశ్చర్ సంస్థ గ్రంథాలయంలోనే భద్రపరిచారు.