ఎదురుచూచిన విశ్వాసము: లైమన్ జూవెట్ దొరగారి జీవితము

బిలాస్‌పూర్ నుండి రాయ్‌పూర్ వైపు పోవు రైలుమార్గముమీద చకర్‌భాటా అను చిన్న స్టేషను కలదు. రైల్వే ఉద్యోగముల నిమిత్తము ఈ ప్రాంతమునకు వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా ఇచ్చట స్థిరపడినవి. చుట్టును హిందీ, ఛత్తీస్‌గఢీ మాటలు వినబడుచున్నను, వారు ఇండ్లలో తెలుగు బైబిలు చదువుకొనుచు తెలుగు కీర్తనలే పాడుకొనుచుందురు. ఇట్టి గృహకూటములలో నేను మరల మరల వినిన ప్రశ్న యొకటి కలదు. కుమారుని ఉద్యోగము కొరకో, త్రాగుడు మానని భర్త కొరకో, తగ్గని వ్యాధి కొరకో ఏండ్ల తరబడి ప్రార్థించినవారు, కూటము ముగిసిన పిమ్మట గుమ్మము దగ్గర నిలిచి మెల్లగా అడుగుదురు. తాము ప్రార్థించుట నిజమే గాని లోపలి భయము పోలేదనియు, సందేహము తీరలేదనియు, అట్టివారి ప్రార్థనను దేవుడు ఆలకించునా యనియు వారి ప్రశ్న. తమ భయమే దేవుని జవాబునకు అడ్డుగోడగా నిలిచినదేమోయని వారి దిగులు.

ఈ ప్రశ్నకు వాదముకంటె ఒక జీవితము మేలైన ఉత్తరమిచ్చును. తెలుగు బాప్టిస్టు సంఘములవారు ఆ పేరు ఎరుగుదురు. ఇతర సంఘములవారిలోను అనేకులు ఒంగోలులోని ప్రార్థన కొండను గూర్చి వినియుందురు. ఆ కొండ ఎక్కిన లైమన్ జూవెట్ దొరగారి చరిత్రను ఈ ప్రశ్న మనస్సునందుంచుకొని మరల చదువుదము.

జూవెట్ 1813వ సంవత్సరమున అమెరికాలోని మెయిన్ రాష్ట్రములో జన్మించెను. బ్రౌన్ విశ్వవిద్యాలయములోను, న్యూటన్ వేదశాస్త్ర కళాశాలలోను విద్యనభ్యసించి, 1848లో భార్యయైన యుఫీమియాతో కూడ ఓడనెక్కి, మరుసటి సంవత్సరము నెల్లూరు చేరెను. వారితో కూడ వచ్చినవాడు శామ్యూల్ డే. ఆయన ఈ దేశమునకు క్రొత్తవాడు కాడు. 1836లో విశాఖపట్టణమున దిగి, శ్రీకాకుళమునందును మద్రాసునందును పనిచేసి, 1840లో నెల్లూరు చేరి పని స్థాపించినవాడు. ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోయి, ఇప్పుడు రెండవసారి తిరిగి వచ్చుచుండెను.

నెల్లూరులో జూవెట్ తెలుగు నేర్చుకొనెను, ఊరూర బోధించెను, బడులను చూచుకొనెను. గాని ఫలము మిక్కిలి కొంచెము. బాప్తిస్మము పొందినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఇదే అమెరికను మిషనరీ యూనియను వారికి బర్మా దేశములో, ముఖ్యముగా కరేను ప్రజలలో, వేలకొలది విశ్వాసులు కలిగియుండిరి. కాబట్టి ఫలించు పొలమును విడిచి ఫలింపని పొలములో ధనమును, మనుష్యులను వ్యయము చేయుట న్యాయమా అను ప్రశ్న 1853లో ఆల్బనీ పట్టణమున జరిగిన వార్షిక సభ యెదుటికి వచ్చెను. ఇట్టి ఆలోచన అంతకు పూర్వమును వచ్చియుండెను. ఆ సభలో ఒకరు పటముమీద ఒంటరిగా కనబడు నెల్లూరును ఒంటరి నక్షత్రముతో పోల్చి మాటలాడిరి. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అను సుప్రసిద్ధ కీర్తనకారుడు ఆ రాత్రియే ఆ పేరున ఒక పద్యము వ్రాసెను. అది మరునాడు సభలో చదువబడగా, విన్నవారి హృదయములు కరిగెను. పనిని మూసివేయకూడదని తీర్మానమాయెను.

నెల్లూరు పనిని మూసివేయుదమని తలంచినవారు అవిశ్వాసులు కారు. వారును ప్రార్థనాపరులే. వారి లెక్కలో తప్పు లేదు. సందేహము ఎల్లప్పుడు దుష్టహృదయములోనుండియే పుట్టదు. అనేక పర్యాయములు అది నిజమైన లెక్కలలోనుండియే పుట్టును. చకర్‌భాటాలో ప్రార్థించు తల్లి తన కుమారుడు ఎన్ని పరీక్షలలో తప్పెనో లెక్కించి భయపడినయెడల, ఆమె లెక్క తప్పని చెప్పుటకు మనమెవరము?

అదే 1853లో డే దొరగారు ఆరోగ్యము పూర్తిగా చెడినందున ఈ దేశమును శాశ్వతముగా విడిచి వెళ్లెను. జూవెట్ దంపతులు మిగిలిరి. ఆ సంవత్సరాంతమున వారు సువార్త యాత్ర చేయుచు నెల్లూరునకు ఉత్తరమున నున్న ఒంగోలు చేరిరి. వారితో క్రిస్టియన్ నర్సు అను తెలుగు బోధకుడును, జూలియా, రూతు అను ఇద్దరు స్త్రీలును ఉండిరి. 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకముందే, ఆ ఐదుగురు ఊరి ప్రక్కనున్న కొండ నెక్కిరి. కీర్తన పాడిరి. యెషయా గ్రంథము 52వ అధ్యాయములో పర్వతములమీద సువార్త ప్రకటించువాని పాదములను గూర్చిన భాగమును చదువుకొనిరి. ఒకరి తరువాత ఒకరు మోకరించి ప్రార్థించిరి. ఒంగోలు కొరకు ఒక సేవకుని పంపుమనునదే వారి మనవి. సూర్యుడు ఉదయించెను. వారు కొండ దిగి తమ పనికి పోయిరి.

ఆ సంవత్సరము ఎవరును రాలేదు. మరుసటి సంవత్సరము డగ్లస్ అను మిషనరీ నెల్లూరునకు వచ్చి సహాయము చేసెను గాని, ఒంగోలునకు సేవకుడు దొరకలేదు. ఐదేండ్లు గడచెను, ఎనిమిదేండ్లు గడచెను. జూవెట్ దొరగారి ఆరోగ్యము క్షీణింపగా ఆయన స్వదేశమునకు ప్రయాణమాయెను. ఆ కాలమున అమెరికాలో అంతర్యుద్ధము జరుగుచుండెను, చందాలు తగ్గిపోయెను. 1862లో నెల్లూరు పనిని మూసివేయవలెనను మాట మరియొకసారి సభలో లేచెను. జూవెట్ మార్గములో నున్నందున, ఆయన వచ్చి చెప్పునది విన్న తరువాతనే నిర్ణయింపవలెనని యూనియను కార్యదర్శి బ్రతిమాలెను.

జూవెట్ వచ్చెను. ఆయన చేతిలో చూపదగిన సంఖ్యలు లేవు. నాయకుల లెక్కలను కొట్టివేయు వాదమును ఆయన వద్ద లేదు. యూనియను తనను పంపినను పంపకపోయినను తాను తిరిగి పోవుదుననియు, తెలుగువారి మధ్య జీవించి, అవసరమైనయెడల అక్కడనే మరణింతుననియు ఆయన తెలియజెప్పెను. ఆయన పట్టుదలను చూచి వారు పనిని విడిచిపెట్టుటకు మనస్సు రాక, ఒక సహాయకుని కూడ ఇచ్చి పంపిరి. ఆ సహాయకుడు జాన్ ఎవరెట్ క్లౌ. 1864లో బయలుదేరి 1865లో వారు ఈ దేశము చేరిరి. 1866లో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1వ తేదీన, కొండమీది ప్రార్థనకు సరిగా పదమూడేండ్లకు, ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడెను.

ఈ స్థలమున మనము ఆగి ఒక సంగతి ఆలోచింపవలెను. ఆ ఐదుగురు కొండమీద మోకరించిన ఉదయమున క్లౌ ఎక్కడ ఉండెను? ఆయన 1836లో పుట్టినవాడు. అప్పటికి పదునేడేండ్ల బాలుడు. అతనికి ఇంకను క్రీస్తునందు విశ్వాసము లేదు. తరువాత కళాశాలలో చేరినప్పుడు, గదిలో తనతో నున్న స్నేహితుడు ప్రార్థించుట సహింపలేక, నేలమీద సుద్దతో గీత గీచి, ఆ గీతకు అవతల మాత్రమే ప్రార్థించుకొనవలెనని కట్టడి చేసినవాడు. 1858లో మాత్రమే అతడు ప్రభువును అంగీకరించెను. ఒంగోలు కొండమీద విశ్వాసులు దేనికొరకు ప్రార్థించిరో, ఆ జవాబు అప్పటికి ప్రార్థననే నమ్మని యువకుని రూపమున భూమి యొక్క మరియొక ప్రక్క పెరుగుచుండెను. అతడు యౌవనమున నేర్చిన సర్వే పని సహితము వ్యర్థము కాలేదు. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చినప్పుడు, బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు గుత్తను క్లౌ తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను.

ఇట్లే తాళ్లకొండపాడు గ్రామమున ఎర్రగుంట్ల పేరయ్య అను తోళ్ల వర్తకుడు ఆత్మశాంతి కొరకు గురువుల నాశ్రయించుచు వెదకుచుండెను. 1866లో అతడు తన భార్య నాగమ్మతో కూడ బాప్తిస్మము పొందెను. అతని సాక్ష్యము మూలముగా, అంటరానివారని త్రోసివేయబడిన మాదిగపల్లెలలో సువార్త వ్యాపించెను. మిషనరీలు పై కులములనుండి ఫలము వచ్చునని ఎదురుచూచుచుండగా, దేవుడు వారు చూడని దిక్కునుండి పంటను రప్పించెను. కరవు కాలమున సహాయము కొరకే జనులు చేరుదురేమోయని క్లౌ బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయము నిలిచిన తరువాతను వారు విడువక అడుగగా, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

జూవెట్ ఆ పంట నడుమ గొప్పవాడుగా నిలువలేదు. ఆయన మద్రాసునకు పోయి అక్కడ సేవచేయుచు, తెలుగు బైబిలు సవరణ పనిలో పాలుపొందెను. ఒక మాటకు బదులు మరియొక మాటను తూచి వ్రాయు ఆ పని ఎవరి కంటను పడునది కాదు. తుదకు స్వదేశమునకు మరలి, 1897లో మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రభువునందు నిద్రించెను.

అనువాదకుడనగుటచేత నా మనస్సు ఇచ్చట రెండు తెలుగు మాటలయొద్ద నిలుచును. మన భాషలో నమ్ముట వేరు, నమ్ముకొనుట వేరు. ఒక సంగతి నిజమని మనస్సులో ఒప్పుకొనుట నమ్ముట. దానిమీద బ్రతుకును మోపుట నమ్ముకొనుట. మన పెద్దలు రైతును గూర్చి అతడు భూమిని నమ్ముకొన్నాడందురు. ఆ రైతునకు భయము లేదా? ఉన్నది. ప్రతి ఉదయము ఆకాశమువైపు చూచి దిగులుపడును. అప్పు తలంచుకొని రాత్రి మేలుకొనియుండును. అయినను విత్తనమును ఇంట దాచుకొనక పొలములో చల్లును. అతడు భయపడినందున భూమిని నమ్ముకొనలేదని చెప్పువాడెవడును లేడు. జూవెట్ చేసినది ఇదియే. భయమునకు కారణములన్నియు ఆయన యెదుట నుండగా, ఆయన తన బ్రతుకనెడి విత్తనమును తిరిగి అదే నేలలో చల్లెను.

మార్కు సువార్త 9వ అధ్యాయములో, దయ్యము పట్టిన కుమారుని తండ్రి తన నమ్మికను, తన అపనమ్మకమును ఒకే మొఱ్ఱలో ఒప్పుకొనెను. ప్రభువు అతనిని అపనమ్మకము పూర్తిగా తీర్చుకొని రమ్మని పంపివేయలేదు. ఆ మొఱ్ఱ విన్న ప్రభువు ఆ పిల్లవానిని బాగుచేసెను.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఓపికగా ప్రార్థించినయెడల తప్పక పంట చూతుమని ఈ చరిత్రనుండి బేరము నేర్చుకొనకూడదు. శామ్యూల్ డేను జ్ఞాపకము చేసికొనుడి. నేలను మొదట దున్నినవాడు ఆయన. గాని ఆయన 1871లోనే మరణించెను. గుండ్లకమ్మ ఒడ్డున జరిగినది ఆయన చూడలేదు. ఆయన విశ్వాసము జూవెట్ విశ్వాసముకంటె తక్కువైనదా? కాదు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయమునందలి భక్తులలో అనేకులు వాగ్దానఫలమును దూరమునుండి చూచియే మృతినొందిరి. ప్రభువు డేను మెచ్చుకొనుటకు 2,222 అను సంఖ్య అక్కరలేదు. జూవెట్ 1865లో తిరిగి వచ్చుచు సముద్రములోనే మరణించియున్నను, ఆయన నమ్ముకొన్న దేవుడు నమ్మదగినవాడే.

ప్రియ చదువరీ, నీవును నేడు ఏదో ఒక కొండ దిగి, జవాబు లేని ఇంటికి తిరిగి వచ్చియుందువు. నీ భయమును దాచుకొనవలదు; దానినే ప్రార్థనగా చేయుము. జూవెట్ ఒంటరిగా ఆ కొండ ఎక్కలేదు. భార్య, ఒక బోధకుడు, ఇద్దరు స్త్రీలు ఆయనతో మోకరించిరి. నీవును నీ దిగులును పంచుకొనుటకు ఇద్దరు ముగ్గురు విశ్వాసులను వెదకుకొనుము. తరువాత లేచి, ఆ దినమునకు నియమింపబడిన పని చేయుము. నీ మనవికి ప్రభువు ఎక్కడ, ఎవరిని సిద్ధపరచుచున్నాడో నీకు కనబడదు. ఆ ఉదయము కొండమీదనుండి చూచిన ఐదుగురికిని అది కనబడలేదు.